స్కీమ్‌లో కమాండ్ లైన్ ఆప్షన్లు: సొంత లూప్ వదిలి ఆర్గ్స్-ఫోల్డ్‌కు ఎందుకు మారాను

స్కీమ్ భాషకు ఒక అమలు అయిన గైల్‌లో రాసిన మీ ప్రోగ్రాంకు, దాన్ని నడిపేటప్పుడు కమాండ్ లైన్‌లో హైఫన్‌తో ఇచ్చే ఆప్షన్లను కాండ్ (షరతులను వరుసగా పరీక్షించే రూపం) పెట్టి మీరే విడదీస్తున్నారనీ, ఆప్షన్లు ఆరేడు దాటేసరికి ఆ లూప్ చేయి దాటిపోతోందనీ, ఆప్షన్లను విడదీయడానికి గైల్‌లోనే ఉన్న గెట్‌ఆప్ట్-లాంగ్ మేలా, ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 37 (స్కీమ్ అదనపు లైబ్రరీల ప్రతిపాదనల్లో ఒకటి) మేలా అనీ అడిగారు. నేను ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 37 వైపే మొగ్గుతాను. అందుకు కారణం నేను స్వయంగా చేసిన ఒక పొరపాటు.

తిరుపతిలో చదువుకునే రోజుల్లో, దామలచెరువులో మా మేనమామ నడిపే మామిడి మండీ కోసం, రోజువారీ తూకం చీటీల ఫైళ్లను కూడి మొత్తం చూపే ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఖాళీ బండి బరువు తప్పుగా నమోదైన రోజుల్లో తూకాన్ని సరిచేయడానికి 'సవరణ' అనే ఆప్షన్ పెట్టి, దాని విలువను -20 వంటి రుణసంఖ్యగా కూడా ఇవ్వవచ్చని మామయ్యకు చెప్పాను. నా లూప్ మాత్రం హైఫన్‌తో మొదలైన ప్రతి మాటనూ ఆప్షన్‌గానే భావించి, పేరు తెలియని ఆప్షన్ ఎదురైతే ఏమీ అనకుండా ముందుకు సాగిపోయేది. అందువల్ల -20 ఎక్కడా లెక్కలోకి రాలేదు. బెంగుళూరు కాయల సీజన్‌లో ఒక సాయంత్రం మామయ్య తన చేతిరాత పుస్తకంతో పోల్చి చూసినప్పుడే ఆ తేడా బయటపడింది. రైతుకు చెల్లించే సొమ్ము ఆ అంకెల మీదే ఆధారపడుతుంది కనుక, తెలియని ఆప్షన్‌ను మౌనంగా వదిలేయడం ఎంత ప్రమాదమో ఆ రోజు నాకు బాగా తెలిసివచ్చింది.

2003లో ఖరారైన ఎస్‌ఆర్‌ఎఫ్‌ఐ 37లోని ఆర్గ్స్-ఫోల్డ్ అనే ప్రొసీజర్ (ఫంక్షన్) ఈ విషయాన్ని దాటవేయనివ్వదు. దానికి ఆర్గ్యుమెంట్ల (కమాండ్ లైన్‌లో ఇచ్చిన మాటల) జాబితా, ఆప్షన్ల జాబితా, తెలియని ఆప్షన్ వస్తే పిలవవలసిన ప్రొసీజర్, ఆప్షన్ కాని మాటలకు మరొక ప్రొసీజర్, చివరగా తొలి విలువలు ఇవ్వాలి. మూడవదాన్ని ఇవ్వకుండా దాన్ని పిలవడమే కుదరదు. ఒక్కొక్క ఆప్షన్‌కు పేర్ల జాబితా (పొట్టి పేరైతే అక్షరం, పొడుగు పేరైతే స్ట్రింగ్), విలువ తప్పనిసరా, ఐచ్ఛికమా అనే రెండు సూచనలు, ఒక ప్రొసీజర్ ఉంటాయి. ఆ ప్రొసీజర్‌కు ఆప్షన్, వాడిన పేరు, ఇచ్చిన విలువ, అప్పటివరకు పోగైన విలువలు అందుతాయి. అది కొత్త విలువలను తిరిగి ఇస్తుంది. జాబితాను ఫోల్డ్‌తో మడవడం (అంశాలను ఒక్కొక్కటిగా కలుపుతూ ఒక ఫలితానికి చేర్చడం) తెలిసిన వారికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు లేదు, చరరాశి విలువను మార్చే సెట్! అవసరమూ రాదు.

ఇక్కడే నేను తడబడ్డాను. తొలి విలువలు మూడు ఇస్తే, ప్రతి ప్రొసీజరూ మూడింటినీ తీసుకొని మూడింటినీ తిరిగి ఇవ్వాలి; నాలుగవది చేర్చిన నాడు అన్ని ప్రొసీజర్లనూ మార్చవలసి వస్తుంది. అందుకే ఇప్పుడు రెండే ఉంచుతున్నాను: ఆప్షన్లన్నింటికీ ఒక అసోసియేషన్ లిస్ట్ (పేరు-విలువ జతల జాబితా), ఫైళ్ల పేర్లకు ఒక జాబితా. జాబితా ముందు భాగాన చేర్చే కాన్స్‌తో చేర్చిన పేర్లు తలకిందుల వరుసలో ఉంటాయి కనుక చివర రివర్స్ చేయడం మరువకండి.

రుణసంఖ్య సంగతికి వస్తే, ఆప్షన్ ఉండవలసిన చోట విడిగా -20 కనిపిస్తే ఆర్గ్స్-ఫోల్డ్ దాన్ని 2, 0 అనే రెండు పొట్టి ఆప్షన్లుగా చదువుతుంది. అవి మన జాబితాలో లేవు కనుక తెలియని ఆప్షన్ల ప్రొసీజర్‌కు చేరి, అక్కడ మనం దోషం చూపే అవకాశం ఉంటుంది. విలువను సమాన గుర్తుతో కలిపి --సవరణ=-20 అని రాయమని వాడుకరులకు చెప్పడం అన్నిటికన్నా క్షేమం. హైఫన్‌తో మొదలయ్యే ఫైలు పేరు ఇవ్వవలసి వస్తే దాని ముందు విడిగా రెండు హైఫన్లు ఉంచితే చాలు, ఆ తర్వాతివేవీ ఆప్షన్లు కావు.

మీ ప్రోగ్రాం గైల్‌ను దాటి ఎప్పటికీ వెళ్లదనుకుంటే గెట్‌ఆప్ట్-లాంగ్ కూడా మంచిదే. అందులో ఆప్షన్ల వివరణను పట్టికలా రాస్తే సరిపోతుంది. ఒక్క తేడా గమనించండి: 2013 నాటి స్కీమ్ ప్రమాణం ఆర్7ఆర్ఎస్‌లో కమాండ్-లైన్ ఇచ్చే జాబితాలో మొదటిది ప్రోగ్రాం పేరు. గెట్‌ఆప్ట్-లాంగ్‌కు గైల్ జాబితాను ఆ పేరుతో సహా ఇవ్వాలి, ఆర్గ్స్-ఫోల్డ్‌కు కడర్ (మొదటిది తీసేసిన మిగతా జాబితా) తీసుకొని ఇవ్వాలి. చికెన్ అనే మరో స్కీమ్ అమలులోని కమాండ్-లైన్-ఆర్గ్యుమెంట్స్‌లో ఆ పేరు అసలే ఉండదు.

విలువలన్నీ స్ట్రింగ్‌లుగానే వస్తాయి. విలువ తప్పనిసరి అని చెప్పిన ఆప్షన్‌ను కూడా ఎవరైనా చివరలో విలువ లేకుండా వదిలేస్తే, ప్రొసీజర్‌కు స్ట్రింగ్‌కు బదులు అసత్యం అందుతుంది. కనుక ముందు అది స్ట్రింగేనా అని, ఆపై స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చే స్ట్రింగ్->నంబర్ ఇచ్చినది నిజంగా సంఖ్యేనా అని ఆప్షన్ ప్రొసీజర్‌లోనే పరీక్షించి, కాకపోతే ఎర్రర్ పోర్ట్‌కు సందేశం పంపి, వైఫల్యాన్ని సూచించే 1తో నిష్క్రమించండి. ఒక్క తూకం ఫైలు కూడా తెరవకముందే ఈ పరీక్ష పూర్తి కావాలి.