ముహూర్తాలు లేని నెల చూసి మార్చండి

కంప్యూటర్: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంట్లోనే కూర్చుని శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు టైప్ చేసి ఇస్తుంటాను. 2014లో కొన్న డెస్క్‌టాప్. ఐ5 4460 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, 'అను' కంపెనీ తెలుగు ఫాంట్లు తప్ప పెద్దగా ఏమీ వాడను. స్విచ్ వేసి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెర ఇంకా సిద్ధం కాదు. విండోస్ 10కి కాలం చెల్లిందని హెచ్చరిక కూడా వస్తోంది. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే కొత్తదాని మీద 3,000 రూపాయలు తగ్గిస్తామని దుకాణంలో అన్నారు. మా అబ్బాయి వెంటనే ఇచ్చెయ్యమంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా. అలాగని మీ అబ్బాయిని తప్పుపట్టను. ఆ కంప్యూటర్‌ను ఈ ఏడాదిలోగా మార్చక తప్పదు. ఏ నెలలో మార్చాలన్నది మాత్రం దుకాణం వాళ్ల చేతిలో పెట్టకండి.

ముందు అది ఎందుకు అంత నెమ్మదిగా ఉందో తేల్చుకుందాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ వేసిన వెంటనే అందులో డిస్క్ అన్న గడి చూడండి. సీపీయూ, అంటే ప్రాసెసర్, ఇరవై శాతం దగ్గర తాపీగా ఉండి, డిస్క్ మాత్రం వంద దగ్గరే అతుక్కుపోయి ఉంటే జబ్బు ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. అందులో నిమిషానికి కొన్ని వేల సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది. దాని మీద చిన్న చెయ్యి ఒకటి అటూ ఇటూ కదులుతూ ఒక్కో ఫైలూ వెతికి చదువుతుంది. విండోస్ లేచేటప్పుడు అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో కావాలి. మీ వృత్తిలో ఉన్నవారి దగ్గర వాటికి తోడు వందల కొద్దీ ఫాంట్లు పోగుపడి ఉంటాయి. శుభలేఖకు వాడే ఫాంట్లు నాలుగైదే అయినా, ఎవరో ఇచ్చిన సీడీలోవన్నీ ఎక్కించేసుకుంటాం. వాడనివి కొన్ని తీసేసినా కాస్త తేడా తెలుస్తుంది. అసలు మందు మాత్రం హార్డ్ డిస్క్‌కు బదులు బిగించే ఎస్‌ఎస్‌డీ. తిరిగే భాగాలేవీ ఉండవు కాబట్టి దానికి వెతుకులాట లేదు. మీ మదర్‌బోర్డుకు సాటా రకం, అంటే పాత హార్డ్ డిస్క్ తీగకే తగిలే ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. అది సెకనుకు 500 ఎంబీ దాకా చదవగలదు. పాత హార్డ్ డిస్క్ 100, 150 దాటడమే గొప్ప.

"మార్చబోయే యంత్రానికి మళ్లీ ఖర్చా?" అని మీ అబ్బాయి అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. నా లెక్క ఇది: రేపు కొత్తదానిలోకి మీ వెంట వచ్చే వస్తువు మీద డబ్బు పెట్టవచ్చు, పాతదానితోనే పోయే వస్తువు మీద పెట్టకూడదు. ఎస్‌ఎస్‌డీ వెంట వస్తుంది. కొత్త డెస్క్‌టాప్‌లో రెండో డిస్క్‌గా బిగించుకుని మీ పాత పనులన్నీ అందులో ఉంచుకోవచ్చు. ర్యామ్ రాదు. మీది డీడీఆర్3 అనే పాత రకం, ఇప్పటి బోర్డులకు డీడీఆర్4 లేదా డీడీఆర్5 కావాలి. పాత ర్యామ్ పట్టీ కొత్తవాటి గాడిలో కూర్చోనే కూర్చోదు. 4 జీబీ మీకు ఇరుకే, ఒప్పుకుంటాను. సెకండ్ హ్యాండ్‌లో చవకగా 4 జీబీ పట్టీ దొరికితే వేయించుకోండి, కొత్తది మాత్రం కొనకండి. దానికి ముందు సెట్టింగ్స్‌లో మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూడండి. 32 బిట్ అయితే 4 జీబీకి మించి ఎంత ర్యామ్ వేసినా వాడుకోదు. ఈ సంగతి చూడకుండానే ర్యామ్ అమ్మేవారు ఉన్నారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడు "మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా ఇస్తాం మేడమ్" అంటారు. ఒప్పుకోకండి. ఉన్న డిస్క్‌ను ఉన్నట్టుగా క్లోన్ చేయమనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నేను సర్వీస్ బల్ల దగ్గర కూర్చున్న రోజుల్లో మీలా డీటీపీ చేసేవారిని చూస్తేనే భయంగా ఉండేది. వేరే చోట ఫార్మాట్ చేయించుకుని నా దగ్గరికి వచ్చేవారు. ఫైళ్లన్నీ భద్రంగానే ఉండేవి. తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ! అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే తెలుగు అక్షరాలకు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలనే వాడుకుంటాయి. ఆ ఫాంటు లేకపోతే ఆ అక్షరాలు తెలుగని కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు. మర్నాటికి ప్రెస్సుకు వెళ్లాల్సిన శుభలేఖ అలా కనిపిస్తే ఆ మనిషి మొహం చూడలేం.

అందుకే ఇప్పుడే ఒక పని మొదలుపెట్టండి. మళ్లీ అవసరపడతాయనుకున్న పాత పనులన్నిటినీ పీడీఎఫ్‌గా మార్చి దాచండి. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడిపోతాయి కాబట్టి ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 అని మీకు తెలిసే ఉంటుంది. 2001 తరువాత అడోబీ దాని స్థానంలో ఇన్‌డిజైన్‌నే నిలబెట్టింది. అంత పాత ప్రోగ్రామ్ మీద బతుకుతున్నప్పుడు యంత్రం మార్చడం కంటే ఆ ప్రోగ్రామ్‌ను తరలించడమే పెద్ద పని. అను సీడీ, రిజిస్ట్రేషన్ వివరాలు ఇంట్లో ఏ సొరుగులో ఉన్నాయో ఈ వారమే వెతకండి.

ఇప్పుడు హెచ్చరిక సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు, భద్రతా అప్‌డేట్లు రావడం ఆగుతుంది. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 దాకా వాటిని పొడిగించుకునే సదుపాయం ఉంది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్‌లను బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. ఇది ఇవాళే చేయండి. వాట్సాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఊరందరి ఫైళ్లూ, వాటితో వైరస్‌లూ మీ దగ్గరికే వస్తాయి కదా.

విండోస్ 11 ఈ యంత్రంలోకి సక్రమంగా రాదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి. మీది 4వ తరం, 4460లో మొదటి అంకె చెప్పేది అదే. దొడ్డిదారిన ఎక్కించేవారు ఉన్నారు. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. సరదాకైతే వద్దనను. మీకు అది జీవనోపాధి.

అక్టోబరు 13 మీ గడువు అనుకుంటే, దానిలోపు మీకు తీరిక ఎప్పుడు? 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా పెళ్లిళ్లు ఉండవు. ఎస్‌ఎస్‌డీ అప్పుడు వేయించండి. కొత్త యంత్రం జూలై మధ్యలో ఆషాఢం మొదలవగానే కొనండి. ఆషాఢం రెండో పక్షానికి వాయిదా వేయకండి, శ్రావణం పెళ్లిళ్ల శుభలేఖలు అప్పటికే మీ బల్ల మీదకు వచ్చేస్తాయి. ఆ మొదటి పక్షంలో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, ఒకే కార్డును రెండింటిలోనూ చేసి, ముద్రించి చూసుకోండి. మార్కెట్‌కు వెళ్లేటప్పుడు ఉజ్జయిని మహంకాళి బోనాల ఆది, సోమవారాలు మాత్రం తప్పించండి. జాతర రద్దీలో సీపీయూ డబ్బా మోసుకుంటూ ఆటో కోసం నిలబడటం నా శత్రువుకు కూడా వద్దు.

మీ పనికి అంత ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కార్యాలయాల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్, అంటే బాగుచేసి మళ్లీ అమ్మే డెస్క్‌టాప్ అయినా చాలు. "ఐ7" అన్న స్టిక్కరు చూసి మురిసిపోకండి, దాని పక్కన ఉన్న సంఖ్య చూడండి. 3770 అని ఉన్న ఐ7 కంటే 8100 అని ఉన్న ఐ3 మీకు మేలు, దానికే విండోస్ 11 వస్తుంది. అంకెలు ఐదు ఉంటే మొదటి రెండూ తరం: 10100 అంటే 10వ తరం. మీ మానిటర్‌కు వీజీఏ తీగ ఒక్కటే ఉంటే కొత్త డబ్బాలో ఆ రంధ్రం ఉందో లేదో చూడండి, లేకపోతే కన్వర్టర్ అడగండి. ప్రింటర్‌కు విండోస్ 11 డ్రైవర్ దొరుకుతుందో లేదో కొనే ముందే చూసుకోండి. డబ్బు చెల్లించే ముందు పేజ్‌మేకర్, అను అక్కడే ఎక్కించి చూస్తానని గట్టిగా అడగండి. ఒప్పుకోని దుకాణంలో కొనకండి.

3,000 తగ్గింపు మాటకొస్తే, ఎక్స్ఛేంజ్ ప్రస్తావన లేకుండా వేరే మనిషిని పంపి అదే మోడల్ ధర అడిగించండి. చాలాసార్లు ఆ మొత్తం ముందే ధరలో కలిసి ఉంటుంది. నిజంగానే తగ్గిస్తున్నారని తేలినా కనీసం దీపావళి దాకా పాతది మీ దగ్గరే ఉంచుకోండి. కొత్తదానిలో ఏదో ఒక ఫాంటు మొరాయించిన రోజున ఆ పాత డబ్బా విలువ 3,000 కంటే ఎక్కువే.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. 2021లో కొన్న ల్యాప్‌టాప్‌లో 11వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఎండలు మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం పూట ఫ్యాను మోత, పని నెమ్మది. మార్చెయ్యమంటోంది. ధరలు తగ్గేదాకా ఆగడం మంచిదా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం మొరాయిస్తోందంటే ముందు అనుమానించాల్సింది వేడిని. ప్రాసెసర్ హద్దు మించి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇన్నేళ్ల దుమ్ము ఫ్యాను దగ్గర వేడిని బయటికి పంపే సన్నని రెక్కల మధ్య దట్టంగా పేరుకుని ఉంటుంది. మెట్రో కింద రోడ్డు పక్కన మీ ఇల్లయితే చెప్పనే అక్కర్లేదు. విప్పి శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మార్పించండి. మంచం మీద దుప్పటిపై పెట్టి వాడొద్దని అమ్మాయికి చెప్పండి, వినదనుకోండి.

తరువాత ర్యామ్. చిక్కడపల్లి పాఠకురాలిని కొత్త ర్యామ్ కొనొద్దన్నాను, మిమ్మల్ని కొనమంటున్నాను. ఈ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 వస్తుంది, ప్రాసెసర్‌కూ ఇంకా దమ్ముంది. చదువు పూర్తయ్యేదాకా నడిచే యంత్రంలో ర్యామ్ వేయించడం దండగ కాదు. అయితే కొన్ని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, ఖాళీ గాడి ఉండదు. శుభ్రం చేయించడానికి విప్పినప్పుడే చూడమనండి. 16 జీబీ అయితే ఆమె చదువుకు హాయి.

ధరలు తగ్గేదాకా ఆగండని ఇదివరకు నేనూ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎగబాకాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ, అంటే ఈ ర్యామ్ చిప్‌లు, విపరీతంగా కావాలి. ప్రపంచంలో మెమరీ తయారీ చాలావరకు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉంది. లాభం ఎక్కువున్న వైపే వాళ్లు మొగ్గారు. మైక్రాన్ అయితే మనలాంటి వారికి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటానని 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ర్యామ్ అవసరమని తేలితే ఆలస్యం చేయకండి. ల్యాప్‌టాప్ మార్చే ఆలోచన మాత్రం క్యాంపస్ ఉద్యోగాల కాలం దాకా పక్కన పెట్టండి, ఉద్యోగమిచ్చిన కంపెనీయే ఒకటి చేతిలో పెట్టవచ్చు.

ప్రశ్న: పదవీ విరమణ చేశాను. 2009 నాటి కంప్యూటర్ అటక మీద ఉంది. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్. విండోస్‌కు బదులు లినక్స్ వేసి మనవడికి ఇవ్వనా, పాత సామాను కొనేవాడికి ఇచ్చెయ్యనా?
– ఒక పాఠకుడు, ఈసీఐఎల్ చౌరస్తా

జవాబు: ఒకప్పుడు టీడీసీ వరస కంప్యూటర్లను తయారు చేసిన సంస్థ పేరు మీద వెలసిన చౌరస్తా మీది. అక్కడివారికి పాత యంత్రం మీద మమకారం ఉంటే ఆశ్చర్యం లేదు. అయినా మనవడికి ఇవ్వకండి. లినక్స్ ఎక్కుతుంది, కానీ ఇవాళ్టి బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరవగానే 2 జీబీ చాలదు. పిల్లవాడికి కంప్యూటర్ అంటేనే విసుగు పుడుతుంది.

పాత సామాను అతనికీ ఇవ్వకండి. బోర్డులను కాల్చి రాగి తీసే చోటికి అది చేరవచ్చు, ఆ పొగలో సీసం లాంటివన్నీ ఉంటాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లింగ్ సంస్థలు ఉన్నాయి, వాటికి అప్పగించండి. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్ విప్పి తీసేయండి. డిలీట్ చేసిన ఫైళ్లనూ, మామూలుగా ఫార్మాట్ చేసిన డిస్క్‌నూ తిరిగి చదివించే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. మీ పాన్ కార్డు నకలు, పింఛను కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో ఉండే ఉంటాయి. సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే తీగ ఒకటి కొని, ఆ డిస్క్‌ను మీ ఇప్పటి కంప్యూటర్‌కు తగిలించి ఫోటోలు తీసుకోండి. డిస్క్ పనిచేస్తుంటే అటక మీద కాకుండా బీరువాలో పెట్టండి. పనిచేయకపోతే పళ్లేనికి మేకుతో రెండు మూడు రంధ్రాలు కొట్టి, మిగతా సామానుతో పాటు పంపించేయండి.