తరగతి గదిలో వసంతం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తరగతిలో నాలుగైదేళ్ల పిల్లలు ఇరవై ఐదుమంది. కాగితం మడిచి రంగు అద్ది సీతాకోకచిలుక చేయిస్తుంటే కొందరికి ఒక రెక్కే బాగా వస్తోంది, రెండోది వెలిసిపోయినట్టు ఉంటోంది. మరికొందరివి బురదరంగులోకి మారిపోతున్నాయి. లోపం ఎక్కడుంది?

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. రెండో రెక్క వెలవెలబోవడానికి కారణం, మడిచే లోపే రంగు ఆరిపోవడం. ఇరవై ఐదుమందికీ మీరొక్కరే వరసగా రంగు వేసుకుంటూ పోతే చివరి బల్ల దగ్గరకు చేరేసరికి మొదటి బల్లమీది రంగు బిగుసుకుంటుంది. ఐదారుగురిని మాత్రమే ఒకసారి కూర్చోబెట్టండి, మిగతావాళ్లకు వేరే పని ఇవ్వండి. కాగితం కూడా చూసుకోవాలి. నోటుపుస్తకం కాగితం రంగులోని తడిని వెంటనే పీల్చేస్తుంది. 150 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) డ్రాయింగ్ షీటు అయితే రంగు కాసేపు పైనే నిలుస్తుంది.

బురదరంగు రావడం రంగుల ఎంపికలోని తప్పు. ఎరుపు–ఆకుపచ్చ, పసుపు–ఊదా కలిస్తే గోధుమరంగే వస్తుంది. ఒక్కొక్కరికి రెండే రంగులు ఇవ్వండి. పసుపు–ఎరుపు అయితే కలిసినచోట నారింజ వస్తుంది, పసుపు–నీలం అయితే ఆకుపచ్చ. పిల్లలు ఆ కొత్త రంగును చూసి వేసే కేకలు కూడా పాఠంలో భాగమే.

పని వరస ఇది. ముందు కాగితాన్ని సగానికి మడిచి, గోటితో గట్టిగా గీసి, మళ్లీ విప్పాలి. పోస్టర్ కలర్‌లో నీళ్లు కలపకుండా ఒక సగంమీద మాత్రమే శనగగింజంత చుక్కలు ఐదారు పెట్టించండి. వెంటనే మడిచి, మడత వైపు నుంచి బయటి అంచు వైపు అరచేతితో నెమ్మదిగా తోయాలి. అంచు నుంచి మడత వైపు తోస్తే రంగంతా మధ్యలో గట్టులా పేరుకుని, ఆరాక పెచ్చులుగా ఊడుతుంది. నొక్కిన వెంటనే విప్పేయాలి, లేకపోతే రెండు సగాలూ అతుక్కుని చిరుగుతాయి. విప్పే ముందు ‘ఈ ఎర్రచుక్క అవతల ఎక్కడ పడుతుంది?’ అని అడిగి వేలు పెట్టించండి.

పూర్తిగా ఆరాక మళ్లీ మడిచి, మడత పక్కన సగం సీతాకోకచిలుకను గీసి కత్తిరించాలి. పిల్లలు మడత లేని వైపు నుంచి గీస్తే చేతికి రెండు విడి రెక్కలు వస్తాయి. మడత వెంట ముందే క్రేయాన్‌తో మందంగా ఒక గీత గీసిపెట్టండి, ఆ గీతను కత్తిరించకూడదని చెప్పండి.

ప్రశ్న: ఫిల్టర్ పేపర్‌మీద మార్కర్లతో గీసి నీళ్లు చల్లితే రంగులు పూలలా విచ్చుకుంటాయని విన్నాం. మా దగ్గర గీతలు గీతల్లాగే ఉండిపోయాయి.

జవాబు: మీరు వాడినవి పర్మనెంట్ మార్కర్లై ఉంటాయి. ఆ సిరా నీటిలో కరగదు. ఉతికితే పోయే మామూలు స్కెచ్ పెన్నులు కావాలి. నలుపు, గోధుమరంగు పెన్నులను పక్కన పెట్టకండి. వాటి సిరా తరచూ పలు రంగుల కలయిక కాబట్టి, నీరు పాకేకొద్దీ ఒక్కో రంగూ ఒక్కో దూరం వెళ్లి విడిపోతుంది. అన్నిటికంటే ఆసక్తిగా ఉండేది ఆ దృశ్యమే.

గుండ్రటి కాగితం మధ్యలో చిన్న వలయంలా గీయించి, నడిమధ్యన డ్రాపర్‌తో ఐదారు చుక్కలు చాలు. గుమ్మరిస్తే రంగు కింది పళ్లెంలోకి కారిపోతుంది. పువ్వు ఆకారం కోసం మధ్యలో నొక్కి దారం కట్టాలనుకుంటే తడిమీద కట్టకండి, కాగితం చిరిగిపోతుంది. కనీసం గంటసేపు ఆరనివ్వండి.

ప్రశ్న: టిష్యూ కాగితం పువ్వుల రేకులు విప్పేటప్పుడు చిరుగుతున్నాయి.

జవాబు: రేకును కొనదగ్గర పట్టుకుని లాగితే చిరుగుతుంది. దారం కట్టిన చోటికి దగ్గరగా, రెండు వేళ్లతో పట్టి పైకి లేపాలి, అదీ ఒక్కసారికి ఒక్క పొరే. 12×18 సెంటీమీటర్ల కాగితాలు ఆరు పేర్చి, పొట్టి అంచుకు సమాంతరంగా 2 సెంటీమీటర్ల వెడల్పున విసనకర్రలా మడిచి, మధ్యలో దారంతో కట్టి, రెండు కొనలనూ గుండ్రంగా కత్తిరిస్తే అరచేతి పువ్వు వస్తుంది. పేర్చినవి ఎనిమిది కాగితాలు దాటితే చిన్న కత్తెరలకు తెగదు.

నిజానికి ఇది ఆరేళ్లు దాటినవాళ్ల పని. అంతకంటే చిన్నవాళ్లకు చివరికి టీచరే పువ్వంతా విప్పి ఇస్తుంది, పిల్లలు చూస్తూ కూర్చుంటారు. వాళ్లకు 3 సెంటీమీటర్ల ముక్కలిచ్చి ఉండలు చేయించి, గీసిన పువ్వులో అతికించనివ్వండి. ఉండ చుట్టడంలో వేళ్లకు మంచి పని దొరుకుతుంది.

ప్రశ్న: స్ట్రాతో ఊది చెట్టుకొమ్మలు వేయించవచ్చా? పిల్లలు రంగు మింగేస్తారేమో.

జవాబు: వేయించవచ్చు. నోటిలో పెట్టుకునే కొనకు కాస్త దిగువన, పెదవులకు అందనిచోట, పిన్నుతో రెండు మూడు రంధ్రాలు చేయండి. పిల్లలు పొరపాటున పీల్చినా ఎక్కువగా గాలే వస్తుంది. ముందు అరచేతిమీద ఊదించి, ఊదడమంటే ఏమిటో చూపండి. విషరహితమని రాసి ఉన్న రంగే వాడండి, ఎవరి స్ట్రా వాళ్లదే.

ఒక వంతు రంగుకు రెండు వంతుల నీళ్లు. కాగితంమీద కింది అంచు దగ్గర అరచెంచా పోసి, స్ట్రాను దాదాపు పడుకోబెట్టినట్టు వంచి, రంగును తాకకుండా వెనకనుంచి ఊదాలి. నిలువుగా ఊదితే కొమ్మలు రావు, చిమ్మిన మరకలే. నాలుగైదు సార్లు ఊదాక ఆపమనండి, తల తిరుగుతుంది. పూలచుక్కలు దూదిపుల్లతో మర్నాడు పెట్టించండి. తడి కొమ్మమీద పెడితే గులాబీరంగు మట్టిరంగవుతుంది.

ప్రశ్న: ఎడమచేతివాటం పిల్లవాడికి కాగితం తెగకుండా మడతపడుతోంది. చేయి మార్పించాలా?

జవాబు: వద్దు, కత్తెర మార్చండి. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో నొక్కితే రెండు అలుగులూ ఒకదానికొకటి దూరం జరుగుతాయి, అందుకే కాగితం మధ్యలో ఇరుక్కుంటుంది. పైగా గీత అలుగు వెనక దాగిపోతుంది. ఎడమచేతి కత్తెర దొరుకుతుంది. పిల్లలందరికీ మొదట 2 సెంటీమీటర్ల వెడల్పు గట్టికాగితం పట్టీలివ్వండి, ఒక్క కోతకే తెగుతాయి. తర్వాత కాగితం అంచును గడ్డిపోచల్లా కత్తిరించనివ్వండి. వంపుల దగ్గర తిప్పాల్సింది కాగితాన్ని, కత్తెరను కాదు.

ప్రశ్న: అతికించాక కాగితమంతా ముడతలు పడుతోంది.

జవాబు: తెల్ల జిగురులోని నీటివల్ల. పలుచని కాగితానికి గ్లూ స్టిక్ ఇవ్వండి, తెల్ల జిగురును దూది, మందపు అట్టలకు ఉంచండి, అదీ సీసాలో కాకుండా మూతలో కాస్త పోసి దూదిపుల్లతో. బొమ్మల కళ్లకు పూసలు, గుండీలు అతికించే ఆలోచన ఉంటే మూడేళ్లలోపు వాళ్ల దగ్గర మానేయండి, గొంతులో ఇరుక్కుంటాయి. స్కెచ్ పెన్ చుక్క చాలు.