రాణి ముద్ర ఎవరి దగ్గరుంది? – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి రచయిత్రికి ఆశీస్సులు.

నీ నవల సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు చదివాను. జపాన్‌ను పోలిన దీవుల రాజ్యం, ఇరవై రెండేళ్ళ రాణి, ఆమెను దించాలని చూసే మంత్రి. మనుషులు బాగా కుదిరారు. అయితే రాణి నోట ఒక మాట వస్తే అది ఎవరెవరి చేతుల మీదుగా అమలవుతుందో, దాన్ని ఎవరు ఎక్కడ ఆపగలరో నీ రాజ్యంలో ఇంకా తేలలేదు. మంత్రి ప్రతి అధ్యాయంలోనూ కుట్ర పన్నుతున్నా చదివేవాళ్ళకు గుబులు పుట్టకపోవడానికి కారణం అదే. ముందు ఆ పని చూడు. దుస్తులూ పూలూ కత్తులూ తర్వాత చూసుకోవచ్చు.

మొదట కాలం ఎంచుకో. నీ దర్బారు ఎనిమిదో శతాబ్దంలో జపాన్ రాజధాని అయిన నారా నగరంలా ఉంది. కోట మాత్రం హిమేజీ కోటలా ఉంది, దాని ప్రధాన సౌధం 1609లో పూర్తయింది. సైనికుల చేతుల్లో ఉన్న తుపాకులు 1543లో పోర్చుగీసువాళ్ళతో తనెగషిమా దీవికి చేరినవి. కల్పిత రాజ్యమే కదా, కలిపితే ఏమంటావా? ప్రతి వస్తువూ తన వెనకున్న కారణాన్ని కూడా లాక్కొస్తుంది. ఎత్తయిన రాతి పునాదుల కోటలు కేంద్రం కూలిపోయి, సామంతులు తరాల తరబడి కొట్టుకున్న నేల మీద లేచాయి. అలాంటి నేల మీద నీ రాణి పంపిన కాగితాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. రాతపూర్వకమైన ఆజ్ఞతో నడిచే రాజ్యం కావాలంటే నారా కాలాన్ని, అంటే 710 నుంచి 784 వరకు, పునాదిగా తీసుకో. కోటనూ తుపాకులనూ తీసేయ్.

నారా అనడానికి ఇంకో కారణం ఉంది. జపాన్ గద్దె మీద ఎనిమిది మంది స్త్రీలు కూర్చున్నారు, ఇద్దరు రెండేసి సార్లు కూర్చోవడంతో మొత్తం పది పాలనలయ్యాయి. అందులో ఆరుగురు స్త్రీలూ ఎనిమిది పాలనలూ 592కూ 770కీ మధ్యనే వస్తాయి. ఆ తర్వాత ఎనిమిదిన్నర శతాబ్దాలు దాటి 1629 వచ్చేదాకా మరో స్త్రీ ఏలలేదు. ఆ తెగిపోయిన చోటే నీ కథ ఉంది.

ఇప్పుడు నీ కథంతా ‘ఆడది ఏలవచ్చా’ అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తోంది. మన రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా మగపేరుతో కనిపిస్తుంది. నీ రాణి మగవేషం కట్టే అధ్యాయంలో ఆ నీడ పడింది. నారా రాణులకు ఆ అవసరం రాలేదు. మగవాళ్ళు పెట్టుకున్న ‘తెన్నో’, అంటే చక్రవర్తి, బిరుదునే వాళ్ళూ పెట్టుకున్నారు. అక్కడి పేచీ అంతా ‘ఆమె తర్వాత ఎవరు’ అన్న దగ్గర ముడిపడింది. ఆ ఎనిమిది మందీ తండ్రి వైపున రాజవంశం వాళ్ళే. గద్దె మీద ఉండగా ఒక్కరూ పెళ్ళి చేసుకోలేదు. నలుగురు రాజులకో యువరాజులకో భార్యలై వితంతువులైనవాళ్ళు, నలుగురు అవివాహితలు. బయటి వంశం భర్తకు బిడ్డ పుడితే వంశం మారిపోతుంది. 715లో గెన్మేయ్ తన కూతురు గెన్షోకు గద్దె అప్పగించినప్పుడు, ఆ పిల్ల తండ్రి కూడా రాకుమారుడే కాబట్టి వంశం మారలేదు.

ఇది నీ చేతిలో పెడితే నీ రెండో అధ్యాయంలోని ప్రేమకథకు ఒక్కసారిగా బరువొస్తుంది. సేనాపతిని ఆమె ప్రేమిస్తే పోయేది పరువొక్కటే కాదు, ఆమె తాతముత్తాతల నుంచి వస్తున్న వారసత్వం కూడా. మంత్రి విషం పెట్టనక్కర్లేదు. ఆమెకు పెళ్ళి సంబంధం తెస్తే చాలు.

ఆ రాణుల్లో ఒక్కరినే చదవాలంటే కోకెన్‌ను చదువు. 738లో ఆమెను గద్దెకు వారసురాలిగా ప్రకటించారు. జపాన్ చరిత్రలో ఆ స్థానం దక్కిన స్త్రీ ఆమె ఒక్కతే. 749లో గద్దెనెక్కి, 758లో జున్నిన్ అనే రాకుమారుడికి అప్పగించి దిగిపోయింది. కానీ దిగిపోయిన రాణి ఊరుకోలేదు. 764లో ఫుజివారా నో నకమారో అనే ప్రబల మంత్రితో తగాదా ముదిరినప్పుడు ఆమె మొదట సైన్యాన్ని పంపలేదు. జున్నిన్ నివాసంలో ఉన్న రాజముద్రనూ తపాలా గంటలనూ తెమ్మని మనిషిని పంపింది. దారిలో వాటి కోసం రెండు పక్షాలూ కొట్టుకున్నాయి, నకమారో కొడుకు ఆ పోరులోనే చచ్చాడు. ముద్ర లేకపోతే ఆజ్ఞ చెల్లదు, గంట లేకపోతే ఆజ్ఞ మోసే మనిషికి గుర్రం దొరకదు. అవి రెండూ చేతికొచ్చాక నకమారో రాజధాని విడిచి పారిపోయిన తిరుగుబాటుదారుగా మిగిలాడు, కొద్ది రోజుల్లోనే హతమయ్యాడు. జున్నిన్‌ను అవజి దీవికి పంపేశారు. ఆమె షోతోకు పేరుతో మళ్ళీ గద్దెనెక్కి 770లో పోయేదాకా ఏలింది. సంతానం లేదు. గద్దె వేరే శాఖలోని అరవై దాటిన రాకుమారుడికి వెళ్ళింది.

ఆ గంటల సంగతి కాస్త వివరంగా తెలుసుకో. అప్పటి చట్టం ప్రకారం రాజమార్గాల మీద సుమారు 16 కిలోమీటర్లకు ఒక మజిలీ ఉండాలి. పెద్ద దారిలో మజిలీకి 20, మధ్యరకం దారిలో 10, చిన్న దారిలో 5 గుర్రాలు. వేగు తన గంట చూపిస్తే గుర్రం ఇస్తారు. అత్యవసరమైతే రోజుకు పది మజిలీలు దాటాలి. అంటే రోజుకు 160 కిలోమీటర్లు. నీ రాజధానికీ ఉత్తర సరిహద్దుకూ 480 కిలోమీటర్లని నువ్వే రాశావు, కానీ తిరుగుబాటు కబురు ఒక్క రాత్రిలో వచ్చేసింది. మూడు రోజులు పట్టాలి. ఆ మూడు రోజులూ రాణికి ఏమీ తెలియదు, మంత్రికి మాత్రం సొంత వేగు ఉంది కాబట్టి తెలుసు. ఇలా పెడితే మూడో అధ్యాయం దానంతటదే బిగుస్తుంది.

ఇక ఒక తెల్లకాగితం తీసుకుని ఒకే ఒక్క ఆజ్ఞ ప్రయాణం రాయి. ‘ఉత్తరాన ఈ యేడు పన్ను రద్దు’ అనుకుందాం. రాణి మాట ఎవరు విన్నారు, ఏ లేఖరి చిత్తుప్రతి రాశాడు, ఏ మండలి దాన్ని చూసింది, ముద్ర పెట్టె తాళం ఎవరి దగ్గరుంది, గంట ఎవరిచ్చారు, రాష్ట్రాధికారి దాన్ని ఎవరి ముందు చదివాడు. ప్రతి అంచె దగ్గరా మూడు సంగతులు రాయి: ఆ మనిషి పేరు, పట్టే సమయం, అతను దాన్ని ఆలస్యం చేస్తే అతనికొచ్చే లాభం. ఆరేడు అంచెలు తేలతాయి. నీ కుట్రలన్నీ వాటిలోంచే పుట్టాలి. ఏ అంచెకూ తగలని కుట్రను కొట్టెయ్యి.

మాయాశక్తి విషయానికొస్తాను. అరచేతిలోంచి మంట రావడం ఏ రాజ్యంలోనైనా పెట్టవచ్చు, ఈ నేలకు అది అతకదు. ఈ నేలలో బలమైనవి మైల, ఆగ్రహించిన ఆత్మలు. మైల తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 927లో పూర్తయిన ఎంగిషికి అనే విధాన గ్రంథం మనిషి చావుకు 30 రోజులు, పురుడుకు 7 రోజులు మైల అంటుంది. అంటుకునే తీరు కూడా అందులో ఉంది. చావు జరిగిన ఇంట్లో కూర్చుని వచ్చినవాడి వల్ల అతని ఇల్లంతా మైలపడుతుంది, చేతులు మారేకొద్దీ తగ్గి నాలుగో మనిషికి అంటదు. పదకొండో నెలలో రాణి కొత్త ధాన్యం దేవతలకు సమర్పించే క్రతువు చెయ్యాలి. దానికి పది రోజుల ముందు ఆమె మందిరంలో ఒక దాసి చచ్చిపోతే? ఎవరూ ఆమె మీద చెయ్యి వెయ్యలేదు, కానీ క్రతువు ఆగింది, పంట పాడైతే నేరం ఆమెది. మంటలకంటే ఇది వెయ్యిరెట్లు నయం.

ఆత్మల సంగతీ అంతే. 785లో సవరా అనే రాకుమారుడు కుట్ర నేరం మోపబడి, అన్నం ముట్టక, ప్రవాసానికి వెళ్ళే దారిలో చనిపోయాడు. తర్వాత రాజకుటుంబంలో వచ్చిన చావులకూ జబ్బులకూ అతని ఆత్మే కారణమనుకున్నారు. 800లో అతనికి చక్రవర్తి బిరుదు ఇచ్చారు, చనిపోయిన పదిహేనేళ్ళకు. నీ మాయకు ఇదే నియమం పెట్టు: అన్యాయంగా చచ్చినవాడే లేస్తాడు, పదవి ఇస్తేనే శాంతిస్తాడు. అప్పుడు రాణి ఎవరినైనా చంపించే ముందు పాఠకుడు కూడా లెక్కవేసుకుంటాడు.

దైవవాక్కును కూడా వదలకు. షోతోకు ఆదరించిన బౌద్ధ సన్యాసి దోక్యో గద్దెనెక్కితే రాజ్యం శాంతిస్తుందని 769లో ఉసా హచిమన్ ఆలయం నుంచి ఒక వాక్కు వచ్చింది. నిజం తేల్చడానికి వెళ్ళిన వాకె నో కియొమారో, రాజవంశం వాడే ఏలాలన్న వాక్కు తెచ్చాడు. రాణి అతని పేరు మార్చి ప్రవాసం పంపింది. రెండు వాక్కుల మధ్య ఒక అధికారి! నీ లేఖరి పాత్రకు ఈ ఘట్టం సరిగ్గా సరిపోతుంది.

సైన్యం లెక్క త్వరగా చెప్తాను. మనిషికి రోజుకు ముప్పావు కిలో బియ్యం వేసుకో. అయిదు వేల మందికి ఇరవై రోజులకు 75 టన్నులు. గుర్రం 120 కిలోలు మోస్తుందనుకుంటే 625 గుర్రాలు, వాటి మేత వేరు. నీ ‘లక్షమంది సేన’ను తగ్గించు. వంటలో మిరపకాయ, బంగాళాదుంప వద్దు, అవి అమెరికా ఖండపు పంటలు. గది నిండా తతమి చాపలు పరిచే అలవాటూ ఇంకా రాలేదు, చెక్కనేల రాయి. చెర్రీ పూలు తగ్గించి ఉమె అనే ప్లమ్ పూలు పెంచు, ఆనాటి కవులు వాటి గురించే ఎక్కువ రాశారు. రాణిని భారతీయ సన్యాసితో కలపాలన్న నీ ఆలోచన మాత్రం ఉంచు. 752లో తోదైజి మహాబుద్ధుడికి కళ్ళు తెరిచే క్రతువు చేసింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడే.

పేర్లు రాసేటప్పుడు మన లిపి నీకు బాగా సాయపడుతుంది. హ్రస్వ దీర్ఘాలను కచ్చితంగా పాటించు, ‘ట’ కంటే ‘త’ దగ్గర. ‘ల’ వాడకు, ఆ భాషలో లేదు. పేరు అచ్చుతోనో ‘న్’తోనో ముగియాలి. నీ ‘కాలిస్త’ పేరు మార్చక తప్పదు. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ఒక సన్నివేశంలో రెండుండకూడదు. నీ మొదటి అధ్యాయంలో నాలుగున్నాయి.

సంభాషణల్లో పేర్ల చివర పెట్టిన జపాన్ గౌరవపదాలు ‘సామా’, ‘సాన్’ తీసేయ్. మనకు నువ్వు, మీరు, తమరు, ఏలినవారు ఉన్నాయి, చిత్తం ఉంది. మంత్రి రెండు అధ్యాయాలు ‘ఏలినవారు’ అని, మూడో అధ్యాయంలో నిండు కొలువులో ‘మీరు’ అంటే చాలు. ఎవరూ తలెత్తి చూడక్కర్లేదు, వర్ణన వద్దు.

తొంభై వేల పదాలు అనుకున్నావు. ముప్పై అధ్యాయాలు చేసుకో, పదో అధ్యాయంలోగా ముద్ర రాణి చెయ్యి జారాలి, ఇరవైలోగా మైలపడాలి. పెళ్ళి సంబంధం ఆ రెంటి మధ్యకి వస్తే బాగుంటుంది. ముందు ఆజ్ఞ ప్రయాణం కాగితం రాసి పంపు. అది చూశాక మూడో అధ్యాయం తిరగరాద్దువు గాని, మొదటి రెండింటినీ అప్పటిదాకా ముట్టుకోకు.

శుభాకాంక్షలతో.