నారుమడిలో తెల్ల మొలకలు

ప్రశ్న: వరి నారుమడిలో అక్కడక్కడా కొన్ని మొలకలు పాలలా తెల్లగా వచ్చాయి, పక్కవి పచ్చగానే ఉన్నాయి. యూరియా చల్లితే సరిపోతుందా?

జవాబు: యూరియా దండగండీ. పక్కవి పచ్చగా ఉన్నాయంటే ఇది చాలావరకు జన్యులోపమే. పత్రహరితం తయారీలో బోలెడు జన్యువులకు పని ఉంటుంది, ఒక్కో జన్యువుకు మొక్కలో రెండు ప్రతులుంటాయి, కీలకమైన ఏదో ఒక జన్యువుకు ఆ రెండు ప్రతులూ చెడితే ఆకు తెల్లబడిపోతుంది. ఒక ప్రతి బాగున్నా మొక్క మామూలుగా పచ్చగానే పెరుగుతుంది, మనకు అనుమానమే రాదు, కానీ వరిది స్వపరాగ సంపర్కం, అంటే తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది కాబట్టి, అలా ఒక ప్రతి చెడిన మొక్క గింజల్లో దాదాపు నాలుగో వంతు ఇలా తెల్లగా మొలుస్తాయి. గింజలో పిండి ఉన్నన్నాళ్లు బతికి, మూడు నాలుగు ఆకులేసేసరికి చచ్చిపోతాయి. టెన్షన్ వద్దు, పీకేయండి. చలికి తెల్లబారి, వేడి పెరిగాక పచ్చబడే రకాలూ ఉన్నాయి లెండి. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పసుపుబారతాయి, ఇనుము తక్కువైతే లేతాకులు.