తన పిల్లి జున్నుకు పురుడు పోయబోయే మేనకోడలికి

కంచరపాలెం,
విశాఖపట్నం.

అమ్మాయీ,

నిన్న రాత్రి ఫోనులో నువ్వు అడిగింది ఒక్కటే మాట: "మావయ్యా, జున్ను ఈనేటప్పుడు నేను ఎప్పుడు చెయ్యి పెట్టాలి?" సమాధానం చెప్పలేక తడబడ్డాను. ఇన్నేళ్లుగా పిల్లులను పెంచుతున్నా, ఎప్పుడు చెయ్యి పెట్టకూడదో చెప్పడమే నాకు తేలిక. మిగిలింది కూర్చుని రాస్తే తప్ప రాదు.

పిల్లి సుమారు 63 నుంచి 65 రోజులు మోస్తుంది. నీ లెక్క ప్రకారం వచ్చే వారమే. రెండు రోజులు అటూ ఇటూ అయితే కంగారు పడకు. ముందుగా తిండి మానేస్తుంది, మంచం కింద దూరుతుంది, బట్టలు గోకుతుంది, నోరు తెరిచి రొప్పుతుంది. ఇది 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు కూడా సాగుతుంది. అంతసేపూ నీ పని అట్టపెట్టెలో పాత చీరలు పరచడం, గదిలో వెలుతురు తగ్గించడం, అపార్టుమెంటు పిల్లలను గుమ్మం దాటనివ్వకపోవడం. అంతే.

గడియారం చూడవలసింది ఆ తరువాత. పొట్ట బిగబట్టి గట్టిగా ముక్కడం మొదలుపెట్టిన సమయాన్ని కాగితం మీద రాసుకో. గుర్తుంటుందిలే అనుకోకు, ఆ గాభరాలో అయిదు నిమిషాలు అరగంటలా ఉంటాయి. ఆగకుండా ముక్కుతూ 20, 30 నిమిషాలైనా పిల్ల రాకపోతే డాక్టరుకు ఫోను చెయ్యి.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడిన రోజు. కరెంటు లేదు, ఫోన్లు పలకవు, వీధి నిండా కూలిన చెట్లు. ఆ రాత్రే మా పిల్లి బూరె బియ్యం డబ్బా వెనక చేరి నొప్పులు పడింది. టార్చిలైటు వెలుగులో ముందుగా కనిపించింది తల కాదు, రెండు వెనక కాళ్లు, తోక. ఎదురుకాళ్లు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. లాగుదామని చెయ్యి చాచాను. మీ అత్తయ్య నా మణికట్టు పట్టుకుని "ఆగండి" అంది. బూరె ఇంకో రెండుసార్లు ముక్కింది, పిల్ల జారి పడింది. పిల్లుల్లో పదింట దాదాపు నాలుగు అలాగే పుడతాయని తరువాత డాక్టరు చెప్పి నవ్వాడు.

నన్ను ఆపిన ఆ మనిషే మూడో పిల్ల దగ్గర ఆగలేదు. అది పొరతోనే పడింది. బూరె అలసిపోయి తల తిప్పుకుంది. మీ అత్తయ్య ఒక్క నిమిషం చూసిందేమో, పొరను పిల్ల ముక్కు దగ్గర గోటితో చీల్చి, మూతి తుడిచి, తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుని గళ్ల తువ్వాలుతో వీపు రుద్దుతూ కూర్చుంది. తడి వంకాయలా ఉన్న ఆ పిల్ల కాసేపటికి నోరు తెరిచి కీచుమంది. ఎవరైనా పిల్లను గాలిలో ఊపమంటే మాత్రం వినకు, మెదడుకు దెబ్బ తగులుతుంది.

బొడ్డుతాడు తల్లే కొరుకుతుంది. చాలాసేపు పట్టించుకోకపోతే పిల్ల పొట్టకు అంగుళం దూరంలో ఉడికించిన దారంతో ముడి వేసి, ముడికి అవతల కత్తిరించి, టింక్చర్ అయోడిన్ అద్దు. తాడును లాగకు. పిల్ల సగం వచ్చి ఇరుక్కుంటే ముందు డాక్టరును ఫోనులోకి తెచ్చుకో. ఆయన లాగమంటేనే, ఒంటి కాలు పట్టుకోకుండా, శుభ్రమైన గుడ్డతో నడుమో భుజాలో పట్టుకుని, తల్లి ముక్కినప్పుడే, మెల్లగా కిందివైపుకు లాగు.

ఇప్పుడు చెప్పేది నా తప్పు. ఇంకో ఏడాది ఇంకో పిల్లికి మొదటి పిల్ల పుట్టకముందే ముదురాకుపచ్చ నీరు కారింది. ఉమ్మనీరేలే అనుకుని తెల్లవారేదాకా చూశాను. అది మాయ ముందే విడిపోతున్న గుర్తు, లోపల పిల్లలకు ఊపిరి అందదు. ఆపరేషన్‌తో తల్లి బతికింది, నాలుగు పిల్లల్లో మిగిలింది ఒక్కటే. ఆ రంగు కనిపించినా, ఎర్రటి రక్తం ఆగకుండా కారినా, పిల్లి వాలిపోయినా గడియారం చూడకు, బయలుదేరు.

రెండు పిల్లలను పెట్టి, మిగతావి లోపలే ఉండగా పడుకుని హాయిగా పాలిస్తూ తిండి తింటోందా? అది విశ్రాంతి. కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి మరునాడు కూడా మళ్లీ మొదలవుతుంది. కుదురు లేకుండా ముక్కుతుంటేనే ప్రమాదం. అందుకే ఈ వారమే ఎక్స్‌రే తీయించు, ఎన్ని పిల్లలో లెక్క తెలుస్తుంది. జున్ను పర్షియన్ పిల్లి. ఆ చప్పిడి ముఖం, గుండ్రటి తల ముద్దుగానే ఉంటాయి గాని, అలాంటి జాతులకు కాన్పు కష్టాలు ఎక్కువ. ఇంకో మాట, మందుల షాపులో నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ కొని ఎవరిచేతా వేయించకు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భసంచి చిరుగుతుంది.

రాత్రివేళ చూసే డాక్టరెవరో ఇవాళే కనుక్కో. మధురవాడ నుంచి హనుమంతవాక దాటి ఊళ్లోకి రావడానికి అర్ధరాత్రి బండి ఎవరు తెస్తారో కూడా మాట్లాడుకో. జున్నును తీసుకెళ్లే బుట్ట గుమ్మం దగ్గరే ఉంచు.

పిల్లలు పుట్టాక ఆ గదిలో ఏసీ వెయ్యకు. మనకు ఉక్కపోత అయినా వాటికి చలి. మొదటి రోజే ముర్రుపాలు తాగాలి. పదిమందిని పిలిచి చూపించకు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందన్న మాట ఊరికే రాలేదు. వంటింటి తూకంలో రోజుకోసారి బరువు చూస్తే చాలు. పెరగకపోతే చెప్పు.

మీ అత్తయ్య గళ్ల తువ్వాళ్లు రెండు ఉతికి ఆరేసింది, ఆదివారం తెస్తాను. రాత్రి రెండింటికైనా ఫోను చెయ్యి, కాని డాక్టరుకు చేశాకే నాకు.

మీ మావయ్య