చదువు అప్పు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం అందింది, శ్రద్ధగా చదివాను. బీటెక్ పూర్తయినా కాలేజీ నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రాక ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాడి గురించి రాశావు. రాయాల్సిన విషయమే ఎంచుకున్నావు. అయితే మూడో పేరాకే వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆరో పేరాలో మళ్లీ పెట్టుకుంది, చివర్లో నువ్వు పాలకులను నిలదీశావు. ఆ ఇల్లు ఎవరికి ఎంత బాకీ పడింది, ఎందుకు పడింది అన్నది మాత్రం వ్యాసమంతా వెతికినా నాకు దొరకలేదు. అది తెలియకపోతే చదివినవాళ్లు జాలిపడి పక్కకు వెళ్లిపోతారు. జాలి వల్ల ఏ బిల్లూ పాస్ కాదు.

ముందు బాకీదారు ఎవరో తేల్చుకో. ఆ అబ్బాయి కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా సీటు వచ్చి చేరాడు, ప్రభుత్వమే ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ పథకానికి అర్హుడు, హాజరు 75 శాతం ఉంది, దానికి దరఖాస్తు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేశాడు, వేలిముద్ర కూడా వేశాడు. తన వంతు అంతా చేశాడు. ఫీజు కడతానని మాట ఇచ్చింది ప్రభుత్వం, కట్టనిదీ ప్రభుత్వమే. అయినా బాకీ లేదని ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్ అడగడానికి కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడితే ‘నువ్వు బాకీ’ అన్నది ఆ పిల్లాడినే. సర్కారు అప్పు పిల్లాడి పేరు మీదికి ఎలా మారింది? నీ వ్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి. విద్యార్థుల ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ఆ సంగతి నీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా లేదు.

ఇక లెక్కలు. నీ తరం రాసేవాళ్లలో చాలామంది వీటిని తప్పించుకుంటారు, నువ్వు అలా చేయకు. తెలంగాణలో బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) పిల్లలకు ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, పదివేల లోపు ర్యాంకు రాకపోతే, కొన్ని మినహాయింపులు పోను, ఇంజినీరింగ్‌కు ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000 వరకే. ఈ పరిమితి ఉమ్మడి రాష్ట్రం నాటిది. ఫీజులు మాత్రం ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కొత్తగా ఖరారు చేస్తూ వచ్చింది. లక్ష రూపాయల ఫీజున్న కాలేజీ అనుకో. మిగిలిన 65,000 తండ్రి తేవాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,300. మొదటి ఏడాది తెచ్చిన ఆ 65,000కు నాలుగేళ్లలో వడ్డీయే 62,400 అవుతుంది. రెండో ఏడాది, మూడో ఏడాది అప్పులు దాని మీదికి వచ్చి చేరతాయి. ఇంతవరకూ నేను చెప్పింది ట్యూషన్ ఫీజు సంగతే. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాప్ ఇందులో లేవు. ‘పెనుభారం’ అని నువ్వు నాలుగుసార్లు రాశావు. దాని బదులు ఈ లెక్క ఒక్కసారి వేసి చూపిస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. చదువు కోసం చేసే అప్పు మన ఇళ్లలో చాలావరకు చదువు పేరుతో ఉండదు. డ్వాక్రా సంఘంలో తల్లి తీసుకున్న లోను, పొలం పాసుపుస్తకం పెట్టి తెచ్చిన పంట రుణం, గోల్డ్ లోన్, మేనమామ దగ్గర చేబదులు, ప్రామిసరీ నోటు మీద ఊళ్లో తెచ్చిన డబ్బు, ఇలా తలా ఒక పేరుతో ఉంటుంది. బ్యాంకులు ‘విద్యా రుణం’ అని చూపే మొత్తంలో ఇదేదీ కనపడదు. నీ వ్యాసంలో బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ల గురించి మాత్రమే రాశావు. ఆ ఇంటికి మళ్లీ వెళ్లు. ‘చదువుకు ఎంత అప్పు చేశారు?’ అని అడగకు, సరైన జవాబు రాదు. ‘ఫీజు కట్టిన నెలలో డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు?’ అని ఒక్కో ఏడాది గురించీ అడుగు. తండ్రికి గుర్తులేనిది తల్లికి గుర్తుంటుంది. తాకట్టు పెట్టింది ఆమె గొలుసు కదా.

ఇది రాజకీయ సమస్య ఎందుకు కాలేకపోతోందో కూడా నీకు ఇక్కడే తెలుస్తుంది. రైతు రుణమాఫీ మీద ఎన్నికలే నడిచాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ చేసింది. ఆ అప్పుకు బ్యాంకు ఖాతా ఉంది, గడువు తేదీ ఉంది, ఊరూరా జాబితా ఉంది. పేరు రాని రైతు మర్నాడే వెళ్లి అడగగలడు. చదువు అప్పుకు ఆ జాబితా లేదు. పిల్లలు నాలుగేళ్లు ఉండి వెళ్లిపోతారు, కొత్త బ్యాచ్ వస్తుంది, పోరాటం మళ్లీ మొదటికొస్తుంది. కాలేజీ యాజమాన్యాలకు సంఘం ఉంది కాబట్టి 2025 నవంబరులో తెలంగాణలో రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు మూసి బంద్ చేయగలిగాయి, ప్రభుత్వంతో చర్చలకు కూర్చోగలిగాయి. ఆ బంద్‌లో క్లాసులు పోయిన పిల్లల తరఫున ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో వెతికి రాయి.

పార్టీల దగ్గర జాగ్రత్తగా ఉండు. నీకు ఇష్టమైన పార్టీ ఏదో నీ వ్యాసం చదివితే తెలిసిపోతోంది. ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం విస్తరించింది వైఎస్ రాజశేఖర్ రెడ్డి హయాంలో. ఇళ్లలో ఎవరూ డిగ్రీ చూడని వేల కుటుంబాలు ఇంజినీర్లను చూశాయి, ఆ మేలును తక్కువ చేసి రాయకూడదు. ఆ రోజుల్లోనే కాలేజీలూ పుట్టగొడుగుల్లా లేచాయి, అదీ రాయాలి. తెలంగాణ వచ్చాక బీఆర్‌ఎస్ కాలంలో బకాయిలు పేరుకున్నాయి. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ ఐదు లక్షల విద్యా భరోసా కార్డు ఇస్తామంది. ప్రభుత్వం మారాక కూడా పాత బకాయిల కోసం కాలేజీలు రోడ్డెక్కాయి. ఆంధ్రలో 2019 తర్వాత జగన్ ప్రభుత్వం విద్యా దీవెన పేరుతో పూర్తి ఫీజు ఇస్తానంది, డబ్బు తల్లుల ఖాతాల్లో వేసింది. అదే ప్రభుత్వం 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు పథకం ఆపేసింది. 2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం డబ్బు మళ్లీ కాలేజీల ఖాతాలకు మళ్లించింది. తల్లి ఖాతాలో వేసినా కాలేజీ ఖాతాలో వేసినా, విడత ఆలస్యమైనప్పుడు వడ్డీ కట్టింది ఆ ఇల్లే. ఈ మాట రాయగలిగితే ఏ పార్టీ వాడూ నిన్ను పక్కకు నెట్టలేడు.

కోర్టు తీర్పులు చదవడం అలవాటు చేసుకో. ఉపన్యాసాల కంటే వాటిలో వాస్తవం ఎక్కువ దొరుకుతుంది. సీటు కోసం అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజుల మీద దేశమంతా చెప్పుకునే 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు ఆంధ్రప్రదేశ్‌ది. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రైవేటు ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ ఉత్తర్వు ఇస్తే హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ హైకోర్టు తీర్పును సమర్థిస్తూ, చదువు లాభాల కోసం చేసే వ్యాపారం కాదని, ఫీజు జనానికి అందుబాటులో ఉండాలని చెప్పింది. ఫీజు పెంచిందీ, ఫీజు కడతామని హామీలిచ్చేదీ ఒకే ప్రభుత్వ వ్యవస్థ అన్న సంగతి ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. నీ వ్యాసానికి ఇది గట్టి ఆధారం.

ఇంకొకటి, ఇది సలహా కాదు, తప్పనిసరి. ఆ అబ్బాయి పేరు, ఊరు, కాలేజీ పేరు తీసెయ్. అతని సర్టిఫికెట్లు ఇంకా కాలేజీ బీరువాలోనే ఉన్నాయి. నీ పేరు పత్రికలో చూసుకున్న రోజున అతనికి కాలేజీ నుంచి పిలుపు రాకూడదు. అచ్చుకు పంపేముందు ఆ అబ్బాయి ఇంట్లో కూర్చుని వ్యాసమంతా చదివి వినిపించు. వాళ్లు వద్దన్న వాక్యం, ఎంత బాగున్నా సరే, కొట్టెయ్యాలి.

మళ్లీ రాసేటప్పుడు ఏడాదివారీగా రాయి: ఆ ఏడు ఫీజు ఎంత, మంజూరైంది ఎంత, ఎప్పుడు పడింది, మధ్యలో ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు. ఈపాస్‌లో అతని దరఖాస్తు స్థితి చూపించే పేజీ ప్రింటు తీసుకో. జిల్లా బీసీ సంక్షేమ కార్యాలయంలో ఆ కాలేజీ బకాయి ఎంతో సమాచార హక్కు చట్టం కింద అడుగు. జవాబుకు 30 రోజుల గడువుంటుంది. ఈలోపు తొందరపడి ఎవరికీ పంపకు. జవాబు వచ్చాక దాని నకలు, కొత్త ప్రతి రెండూ నాకు పంపించు, కూర్చుని వాక్యం వాక్యం చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు