ఎర్రర్లను ముందే ప్రకటించు: రెస్ట్ సర్వీసు రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. మొదటిసారి సొంతంగా రెస్ట్ సర్వీసు (వెబ్ ద్వారా ఇతర ప్రోగ్రామ్‌ల అభ్యర్థనలకు సమాధానమిచ్చే ప్రోగ్రామ్) రూపొందిస్తున్నావనీ, ఎర్రర్లను ఎలా పంపాలో తేలక అక్కడ ఆగిపోయావనీ రాశావు. ఆగడమే మంచిదైంది. చాలామంది పని సవ్యంగా జరిగినప్పుడు ఏం పంపాలో దీర్ఘంగా చర్చిస్తారు కానీ, జరగనప్పుడు ఏం పంపాలన్నది ఫ్రేమ్‌వర్క్ ఇష్టానికి వదిలేస్తారు. దాంతో ఒకసారి హెచ్‌టీఎంఎల్ పేజీ, ఒకసారి స్టాక్ ట్రేస్ (లోపం కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చూపే జాబితా), ఇంకోసారి ఖాళీ బాడీ (సమాధానంలో అసలు విషయం ఉండే భాగం) బయటికి వెళ్తాయి. ఎర్రర్ కూడా నీ సర్వీసు ఇచ్చే సమాధానమే. కాబట్టి ప్రతి ఎర్రర్ దగ్గరా "దీన్ని అందుకున్న ప్రోగ్రామ్ తర్వాత ఏం చేయాలి?" అని అడుగు, దానికి జవాబు చెప్పలేని ఎర్రర్ ఎంత వివరంగా ఉన్నా పనికిరాదు.

మొదట స్టేటస్ కోడ్ సంగతి, అంటే ప్రతి సమాధానంతో పాటు వెళ్లే మూడంకెల ఫలిత సంఖ్య సంగతి. పని జరిగిందని చెప్పే 200 పంపి, బాడీలో మాత్రం పని జరగలేదని రాసే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది; నువ్వు దాని జోలికి పోవద్దు. నీకూ క్లయింటుకూ (అభ్యర్థన పంపే ప్రోగ్రామ్‌కూ) మధ్య ఉండే ప్రాక్సీలు, క్యాష్‌లు, పర్యవేక్షణ పరికరాలు సాధారణంగా బాడీ తెరిచి చూడవు. వాటికి కనిపించేది ఆ మూడంకెల సంఖ్యే. అందులోనూ మొదటి అంకె అన్నిటికంటే ముఖ్యం. వెబ్ సందేశాల నియమాలు (హెచ్‌టీటీపీ) చెప్పే ప్రమాణ పత్రం, 2022లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9110 ప్రకారం, క్లయింటు తనకు తెలియని కోడ్ ఎదురైతే దాన్ని ఆ తరగతిలోని మొదటి కోడ్‌గా, అంటే తెలియని 4xxను 400గానూ తెలియని 5xxను 500గానూ భావించాలి. 4 అంటే అభ్యర్థనలో దోషం ఉంది, దాన్ని సరిదిద్దకుండా మళ్లీ పంపినా చాలావరకు ఫలితం మారదు. 5 అంటే దోషం సర్వర్‌ది. తప్పుడు తేదీ పంపినవాడికి నువ్వు 500 ఇచ్చావనుకో, అతని ప్రోగ్రామ్ అదే తప్పును పదేపదే పంపుతుంది, మీ బృందంలో డ్యూటీలో ఉన్నవారు అర్ధరాత్రి లేచి లేని లోపాన్ని వెతుకుతారు.

తరగతి కుదిరాక లోపలి తేడాల్లో కొన్నిటికే విలువ ఉంది. తామెవరో రుజువు చేసుకోనివారికి 401, ఎవరో తెలిసినా అనుమతి లేనివారికి 403. 401తో పాటు ఎలా రుజువు చేసుకోవాలో చెప్పే డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-ఆథెంటికేట్ హెడర్ (బాడీకి ముందు వెళ్లే సమాచార పంక్తి), ఆ వనరుకు చెల్లని మెథడ్ (గెట్, పోస్ట్ వంటి అభ్యర్థన రకం) వాడినవారికి ఇచ్చే 405తో పాటు ఏయే మెథడ్‌లు చెల్లుతాయో చెప్పే అలవ్ హెడర్ తప్పనిసరిగా పంపాలి. ఈ రెండింటినీ మరిచిపోయేవారే ఎక్కువ. ఒక వనరు ఉందన్న విషయమే రహస్యమైతే 403కు బదులు 404 (దొరకలేదు) ఇవ్వడానికి ప్రమాణమే అనుమతిస్తుంది. వనరు ప్రస్తుత స్థితితో అభ్యర్థన పొసగకపోతే 409. అభ్యర్థనలు మితిమీరితే 429. అది 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6585తో వచ్చింది. 429కీ, సర్వర్ తాత్కాలికంగా అందుబాటులో లేదని చెప్పే 503కీ రిట్రై-ఆఫ్టర్ హెడర్ జోడిస్తే ఎంతసేపు ఆగాలో క్లయింటు ఊహించుకోనక్కర్లేదు. ఇక తప్పుడు వివరాలు వచ్చినప్పుడు 400 (అభ్యర్థనే తప్పు), 422 (రూపం సరే, విషయం తప్పు)లలో ఏది వాడాలన్న వాదన ఎప్పటికీ తెగదు. ఏదో ఒక నియమం పెట్టుకుని అంతటా దాన్నే పాటించు.

బాడీకి సొంత నమూనా కనిపెట్టాలన్న కోరిక పుడుతుంది, దాన్ని అణచుకో. 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7807గా వచ్చి, 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9457గా సవరణ పొందిన నమూనా ఉండనే ఉంది. మీడియా టైప్ "అప్లికేషన్/ప్రాబ్లమ్+జేసన్". అందులో టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టన్స్ అనే ఐదు అంశాలు ఉంటాయి. వీటిలో ప్రాణం టైప్‌ది. అది సమస్య రకాన్ని గుర్తించే యూఆర్‌ఐ (వెబ్ చిరునామా లాంటి గుర్తు). క్లయింటు ప్రోగ్రామ్ దాన్ని చూసే నిర్ణయం తీసుకోవాలి. డీటెయిల్ మనిషి చదువుకోవడానికి. ఆ వాక్యాన్ని విడదీసి అందులోంచి సమాచారం లాగే పరిస్థితి క్లయింటుకు వచ్చిందంటే, నువ్వు ఒక అంశాన్ని విడిగా ఇవ్వడం మరిచిపోయావన్నమాట. బ్యాలెన్స్ చాలలేదని చెప్పేటప్పుడు ఉన్న మొత్తాన్ని ప్రత్యేక అంశంగా చేర్చు. ఫారంలో నాలుగు తప్పులుంటే నాలుగూ ఒకేసారి, ఏ ఫీల్డ్‌లో ఏ తప్పు ఉందో చూపిస్తూ ఒక జాబితాగా పంపు. ఒకటి దిద్దాక ఇంకొకటి చెబితే ఎవరికైనా విసుగే. డేటాబేస్ టేబుళ్ల పేర్లు, స్టాక్ ట్రేస్‌లు మాత్రం లాగ్‌లోనే ఉండాలి. బయటికి ఆ లాగ్‌ను వెతికి పట్టుకునే గుర్తింపు సంఖ్య వెళ్తే చాలు.

ఇప్పుడు ప్రకటన. నీ సర్వీసు ఏం తీసుకుని ఏం ఇస్తుందో వివరించే ఓపెన్‌ఏపీఐ ఫైల్లో ప్రతి ఆపరేషన్ కిందా 200 ఒక్కటే రాసి వదిలేయకు. ఆ ఆపరేషన్‌కే ప్రత్యేకమైన ఎర్రర్లను పేరుపేరునా రాయి. అన్నిటికీ ఉమ్మడిగా ఉండేవాటిని కాంపొనెంట్స్ విభాగంలో ఒక్కసారి నిర్వచించి అక్కడి నుంచి చూపించు. విడిగా రాయని మిగిలిన కోడ్‌లన్నిటికీ డిఫాల్ట్ అనే పద్దు ఉంది. ఎదురుకాగల ప్రతి కోడ్‌నూ రాయాలనే పట్టుదల అక్కర్లేదు, ఎందుకంటే అంత పొడవైన జాబితాను ఎవరూ చదవరు. ప్రకటించిన ప్రతి ఎర్రర్‌కూ కనీసం ఒక టెస్ట్ మాత్రం ఉండాలి. అది లేకపోతే పత్రం ఒక దారి, కోడ్ ఒక దారి పడతాయి.

కోడ్‌లో మినహాయింపులను (ఎక్సెప్షన్లు, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా తలెత్తే లోపాలు) సమాధానాలుగా మార్చే పని ఒక్కచోటే జరగాలి. నువ్వు జావాలో రాస్తుంటే జాక్స్-ఆర్‌ఎస్‌లో దానికి ఎక్సెప్షన్‌మ్యాపర్ ఉంది, స్ప్రింగ్‌లో రెస్ట్‌కంట్రోలర్‌అడ్వైస్ ఉంది. స్ప్రింగ్ 6 నుంచి పై బాడీ నమూనాకు ప్రాబ్లమ్‌డీటెయిల్ అనే క్లాస్ సిద్ధంగా దొరుకుతుంది. అయితే నీ కోడ్ దాకా రాకుండా గేట్‌వే (నీ సర్వర్‌కు ముందుండి అభ్యర్థనలను లోపలికి పంపేది) దగ్గరే ఆగిపోయే అభ్యర్థనలకు వచ్చే 502, 504లు నీ నమూనాలో ఉండకపోవచ్చు. అందుకే బాడీని విప్పే ముందు కంటెంట్-టైప్ చూడమని క్లయింట్లు రాసేవారికి పత్రంలోనే చెప్పు.

అసలు సమాధానమే రాని సందర్భం అన్నిటికంటే చిక్కైనది. టైమ్‌అవుట్ అయినప్పుడు పని జరిగిందో లేదో క్లయింటుకు తెలియదు. గెట్ (చదవడం), పుట్ (మొత్తంగా మార్చడం), డిలీట్ (తొలగించడం)లను ప్రమాణం చెప్పినట్టు రాసి ఉంటే మళ్లీ పంపినా హాని లేదు. పోస్ట్ విషయంలో ఆ భరోసా లేదు. చెల్లింపుల వంటి పనులకు క్లయింటే ఒక ప్రత్యేక కీ పంపేలా చేసి, అదే కీ మళ్లీ వస్తే పనిని తిరిగి చేయకుండా మొదటి ఫలితాన్నే తిరిగి ఇవ్వు. అదే కీతో వేరే వివరాలు వస్తే అది ఎర్రరే, దాన్నీ ప్రకటించాలి. మళ్లీ పంపే క్లయింట్లు ప్రతిసారీ విరామం పెంచుతూ, అందులో కొంత యాదృచ్ఛికత కలపాలని కూడా రాయి. లేకపోతే కోలుకుంటున్న సర్వర్ మీద అందరూ ఒకే క్షణంలో పడతారు.

నీ ఓపెన్‌ఏపీఐ ఫైల్ తయారయ్యాక నాకు పంపు. ఎర్రర్ల భాగం వరకు చూసి, ఏ సమాధానం అందుకున్నాక క్లయింటుకు దారి తోచదో గుర్తుపెట్టి తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
నీ అన్న